నీ కింద ఎంతమంది?

పోయిన నెల మా ఊళ్ళో ఓ పెళ్ళికెళ్ళా. భోజనాల దగ్గర మా పెదనాన్న పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు. "ఏరా, ఇప్పుడు నీ కింద ఎంతమంది ఉన్నారు?"

"ఎవరూ లేరు పెదనాన్నా. నేనే ఒకాయన కింద ఉన్నా" అన్నా.

నవ్వుతాడేమో అనుకున్నా. నవ్వలేదు. జాలిగా చూసి, వడ్డించే అబ్బాయిని పిలిచి నా ఆకులో ఇంకో గారె వేయించాడు. ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయ్యింది, ఇంకా కోడే రాసుకుంటున్నాడు పాపం అన్నమాట!

ఇది నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ తిరిగొచ్చాక ఆఫీసులో మా మేనేజరు రూములోకి పిలిచి ఇదే మాట ఇంకో రకంగా అన్నాడు. ఎనిమిది మంది ఉన్న టీముకి లీడ్‌గా వెళ్ళమన్నాడు. "ఇక కోడు ముట్టుకునే అవసరం పెద్దగా ఉండదు" అని అదేదో వరం ఇస్తున్నట్టు చెప్పాడు. వద్దంటే? "అప్పుడు ఇక్కడే ఉండిపోతావు మరి" అన్నాడు. ఆలోచించుకోడానికి పది రోజులు గడువు. (కంపెనీ పేరు చెప్పను. ఏ కంపెనీలో అయినా ఇదే కథ కాబట్టి చెప్పినా ఉపయోగం లేదు.)

ఆ పది రోజులూ నాకు పదేపదే గుర్తొచ్చిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు స్టీవ్ బెలిచిక్. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ కోచ్, స్కౌట్. "నీ కింద ఎంతమంది?" అని మా పెదనాన్న ఆయన్ని అడిగి ఉంటే, ఆయనకీ ఓ గారె ఎక్కువ పడేది.

నేను ఏడాదిన్నర అమెరికాలో ఆన్‌సైట్‌లో ఉన్నా. అక్కడి మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, ఆ దేశంలో శనివారం అంటే కాలేజీ ఫుట్‌బాలే. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో స్పోర్ట్స్ డే అంటే క్యాంటీన్లో కూర్చోడం. అక్కడ మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షకి పైగా సీట్లు! ఏం చూస్తున్నారో అర్థం కాక మొదట్లో నాకు పిచ్చెక్కేది. కాలితో తన్నేది తక్కువ, గుద్దుకునేది ఎక్కువ. అయిదు సెకన్లు ఆట, అరనిమిషం విరామం. మా ఆఫీసులో ఓ పెద్దాయన ఓపిగ్గా ఆట నేర్పి, చివరికి ఓ పుస్తకం చేతిలో పెట్టాడు. డేవిడ్ హాల్బర్‌స్టామ్ 2005లో రాసిన 'ది ఎడ్యుకేషన్ ఆఫ్ ఎ కోచ్'. అది బిల్ బెలిచిక్ గురించి. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ జట్టుకి హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్స్ గెలిచిన మనిషి. కానీ చదువుతున్నంతసేపూ నా కళ్ళు కొడుకు మీద కాదు, తండ్రి స్టీవ్ మీదే ఉన్నాయి.

ఆట గురించి రెండు ముక్కలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఒక్కో వైపు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, ఈలోపు పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు. వెళ్ళకపోతే బంతి అవతలి వాళ్ళకి. ప్రతి ప్రయత్నానికీ ముందు ఆట ఆగుతుంది, ఇరవై రెండు మందీ ఒక వరసలో నిలబడతారు. ఆ నిలబడే పద్ధతిలోనే సగం రహస్యం ఉంటుంది. క్రికెట్లో బౌలరు ఫీల్డింగ్ మార్చగానే రాబోయేది షార్ట్ బంతి అని మనం ఊహించమూ? అలాంటిదే, కానీ ప్రతి బంతికీ.

ఇక్కడే స్కౌట్ పని మొదలవుతుంది. వచ్చే వారం మన జట్టు ఎవరితో ఆడాలో, ఈ వారం ఆ జట్టు ఆడే చోటికి వెళ్ళి కూర్చోవాలి. తన జట్టు ఇంకెక్కడో ఆడుతుంటుంది, అది చూసే యోగం ఉండదు. చేతిలో బైనాక్యులర్సూ, పెన్సిలూ, గళ్ళు గీసిన కాగితాలూ. ప్రతి ప్రయత్నానికీ రాసుకోవాలి. ఇది ఎన్నో ప్రయత్నం, ఇంకా ఎన్ని గజాలు మిగిలాయి, మైదానంలో ఎక్కడున్నారు, ఎలా నిలబడ్డారు, బంతి ఎవరి చేతికెళ్ళింది, ఎన్ని గజాలొచ్చాయి. ఇవన్నీ రాసుకుంటూనే మనుషుల్నీ చూడాలి. ముందు వరసలో వాడు నేల మీద ఆనించిన వేళ్ళు తెల్లబడ్డాయంటే బరువంతా ముందుకి వేశాడు, దూకబోతున్నాడు. బరువు వెనక్కి ఉంటే బంతి విసరబోతున్నారు, వీడు వెనక్కి తగ్గి కాపు కాస్తాడు. ప్రేక్షకులందరూ బంతిని చూస్తారు. స్కౌట్ బంతి తప్ప మిగతావన్నీ చూస్తాడు.

ఆట అయ్యాక ఆ కాగితాలన్నీ ముందేసుకుని వర్గాలుగా విడగొట్టాలి. మూడో ప్రయత్నం, రెండు గజాలే మిగిలితే వీళ్ళు ఎటు పోతున్నారు? సొంత గోలు దగ్గర ఇరుక్కుంటే ఏం చేస్తున్నారు? మనం ఎక్సెల్లో పివట్ టేబుల్ వేసి చూసుకునేదే ఇది. 1950ల్లో ఆయన పెన్సిల్‌తో చేశాడు. తర్వాత ఆ మొత్తాన్నీ పంతొమ్మిదీ ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళకి అర్థమయ్యే నాలుగైదు మాటల్లోకి కుదించాలి. అసలు కష్టం అక్కడే ఉంది అంటాను నేను. డేటా పోగెయ్యడం ఎవరైనా చేస్తారు. వంద విషయాలు తెలిసి, తొంభై అయిదు చెప్పకుండా ఊరుకోడానికే అనుభవం కావాలి.

ఇంతకీ ఎవరీ స్టీవ్? 1919లో పెన్సిల్వేనియాలోని మొనెసెన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు క్రొయేషియా నించి వలసొచ్చిన వాళ్ళు. పెరిగింది ఒహాయోలో స్ట్రదర్స్ అనే ఉక్కు మిల్లుల ఊళ్ళో. ఫుట్‌బాల్ పుణ్యమా అని క్లీవ్‌లాండ్‌లోని వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో చదువుకున్నాడు. అక్కడి కోచ్ బిల్ ఎడ్వర్డ్స్ 1941లో డెట్రాయిట్ లయన్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకి కోచ్‌గా వెళ్తే, ఈయన వెనకే సామాన్లు చూసుకునే పనికి చేరాడు. సామాన్లు అంటే నిజంగా సామాన్లే, హెల్మెట్లూ బూట్లూ. కొన్నాళ్ళకి అదే సీజన్లో, జట్టులో ఉన్నవాళ్ళకంటే ఆ ఎత్తులు ఇతనికే బాగా తెలుసని ఎడ్వర్డ్స్ ఆటలోకి దింపాడు. దిగి టచ్‌డౌన్లు కూడా చేశాడు! సినిమా కథలా ఉంది కదా? కానీ ఆటగాడిగా ఆ ఒక్క ఏడాదే. తర్వాత యుద్ధం, నేవీ.

యుద్ధం నించి వచ్చాక 1946లో ఒహాయోలోనే హైరమ్ అనే చిన్న కాలేజీకి హెడ్ కోచ్ అయ్యాడు. వయసు ఇరవై ఏడు. అంటే ఇంచుమించు ఇప్పటి నా వయసు. "కింద ఎంతమంది?" అంటే జట్టు మొత్తం చూపించగల స్థితి. మూడు సీజన్లు చేశాడు. ఆ తర్వాత తన గురువు ఎడ్వర్డ్స్ వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్తే, 1949లో ఆయన దగ్గర అసిస్టెంట్‌గా చేరిపోయాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళు కోచింగ్‌లో ఉన్నాడు కానీ ఇంకెప్పుడూ హెడ్ కోచ్ కాలేదు.

"పాపం, ఛాన్స్ రాలేదేమో" అనుకునే ముందు మిగతాది వినండి. వాండర్‌బిల్ట్‌లో ఎడ్వర్డ్స్ పదవి 1952 సీజన్‌తో పోయింది. ఆయనతో పాటు ఈయన ఉద్యోగమూ పోయింది. అప్పటికి ఇంట్లో నెలల పిల్లాడు. గురువు పేరే పెట్టుకున్న ఆ పిల్లాడే బిల్. 1953లో నార్త్ కరొలైనా యూనివర్సిటీలో చేరాడు. 1955 సీజన్ తర్వాత అక్కడి హెడ్ కోచ్‌నీ పంపేశారు. మళ్ళీ పెట్టే బేడా సర్దుకోవాల్సి వచ్చింది. తన పనిలో తప్పు లేకపోయినా పైవాడు పోతే తనూ పోవడం. మన దగ్గర ప్రాజెక్టు మూసేస్తే బెంచ్ మీద కూర్చున్న వాళ్ళకి ఈ బాధ వివరంగా చెప్పక్కర్లేదు.

1956లో ఆనాపొలిస్‌లోని నేవల్ అకాడమీలో చేరాడు. అంటే నౌకాదళ అధికారుల్ని తయారు చేసే కాలేజీ. అక్కడే 1989 దాకా, ముప్ఫై మూడేళ్ళు. ఈ మధ్యలో హెడ్ కోచ్‌లు ఎంతమంది మారారో లెక్కేశా. ఎర్డెలాట్జ్, హార్డిన్, ఇలయస్, ఫొర్జానో, వెల్ష్, ట్రాంక్విల్, యుజెలాక్. ఏడుగురు! ఏడుగురు మేనేజర్లు వచ్చారు, పోయారు. ఈయన కుర్చీ కదల్లేదు.

ఎలా? బాగా పనిచేశాడు కాబట్టి అని మోటివేషన్ క్లాసులు చెప్పేవాళ్ళు అంటారు. బాగానే చేశాడు, సందేహం లేదు. కానీ అసలు కీలకం ఇంకొకటి. అకాడమీ ఆయన్ని వ్యాయామ విద్య విభాగంలో అధ్యాపకుడిగా కూడా తీసుకుంది, ఆ ఉద్యోగానికి టెన్యూర్ ఉంది. మన భాషలో పర్మనెంటు. హెడ్ కోచ్‌ని పీకేసినా ఈయన్ని పీకెయ్యలేరు. రెండుసార్లు రోడ్డున పడ్డ మనిషికి దాని విలువ తెలుసు. ఇక్కడ ఆగితే చాలనుకున్నాడు, ఆగాడు. ఈ విషయాన్ని మళ్ళీ చివర్లో ఎత్తుతాను, గుర్తుపెట్టుకోండి.

పని ఫలితం ఎలా ఉండేది? నేవీకి సీజన్ మొత్తం ఒకెత్తు, ఆర్మీతో ఆట ఒకెత్తు. 1959 నించి 1963 దాకా వరసగా అయిదేళ్ళు నేవీదే గెలుపు. ఆ రోజుల్లోనే జో బెల్లీనో 1960లో, రోజర్ స్టాబాక్ 1963లో, దేశంలో అత్యుత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ తెచ్చుకున్నారు. ఇదంతా స్కౌట్ గొప్పే అని నేననను. స్టాబాక్ లాంటివాడు జట్టులో ఉంటే నేను రిపోర్ట్ రాసినా గెలిచేవాళ్ళేమో!

ఓడినవీ ఉన్నాయి. 1958లో ఆర్మీ ఓ తమాషా చేసింది. బిల్ కార్పెంటర్ అనే ఆటగాణ్ణి మిగతావాళ్ళకి దూరంగా ఓ పక్కన నిలబెట్టేది. జట్టంతా గుంపుగా చేరి వచ్చే ఎత్తు మాట్లాడుకుంటుంటే అతను అందులోకి వచ్చేవాడే కాదు. మరి ఏం ఆడాలో అతనికెలా తెలుస్తోంది? సీజన్ అంతా దేశం తలబద్దలు కొట్టుకుంది. ఆఖరి ఆటలో నేవీ 22-6తో ఓడిపోయింది. సీజన్ ముగిశాక ఆర్మీ వాళ్ళే గుట్టు విప్పారు. క్వార్టర్‌బ్యాక్ పాదాలు ఎలా పెట్టి నిలబడ్డాడో చూసి కార్పెంటర్ తెలుసుకునేవాడట. పాదాలు! అందరి కళ్ళముందే ఉన్నాయి. మన ప్రొడక్షన్ బగ్గులూ అంతే కదా. లాగ్‌లో మొదటి నించీ ఉంటుంది, మూడు రోజుల తర్వాత కనపడుతుంది.

1962లో స్టీవ్ తన విద్యనంతా ఓ పుస్తకంగా రాశాడు. పేరు 'ఫుట్‌బాల్ స్కౌటింగ్ మెథడ్స్'. పేరులో ఎంత ఆర్భాటం ఉందో లోపలా అంతే. జీవిత సత్యాలు లేవు, గెలుపు సూత్రాలు లేవు. ఎలా చూడాలి, ఎలా రాసుకోవాలి, రిపోర్ట్ ఎలా తయారు చెయ్యాలి. అంతే. ఆ పుస్తకాన్ని ఇప్పటికీ కోచ్‌లు వెతుక్కుని చదువుతారు. నాకు నచ్చింది ఇదే. మన దగ్గర తెలిసినవాడు తెలిసింది దాచుకుంటాడు. డాక్యుమెంట్ రాస్తే తన అవసరం తీరిపోతుందని భయం. "ఆ మాడ్యూల్ వాడికి తప్ప ఎవడికీ తెలీదు" అనిపించుకోడమే ఉద్యోగ భద్రత అనుకుంటాం. స్టీవ్ తన బతుకుతెరువు మొత్తం అచ్చేసి పోటీ కోచ్‌లకి కూడా అందేలా చేశాడు. అయినా ఆ తర్వాత ఇంకో ఇరవై ఏడేళ్ళు అదే ఉద్యోగం చేశాడు. రాసేస్తే అవసరం తీరిపోయేది సమాచారం. చూసే కన్ను అలా తీరిపోదు.

ఇక కొడుకు సంగతి. బిల్ చిన్నప్పుడే తండ్రి వెంట ప్రాక్టీసులకి వెళ్ళేవాడు, ఆటల ఫిల్ములు చూసి విడగొట్టడం నేర్చుకున్నాడు. 1975లో డిగ్రీ అవ్వగానే బాల్టిమోర్ కోల్ట్స్‌లో వారానికి 25 డాలర్లకి చేరి చేసిన పని కూడా అదే, ఫిల్ములు విడగొట్టడం. అందుకే స్టీవ్ గురించి ఎక్కడ చదివినా "బిల్ బెలిచిక్ తండ్రి" అనే మొదలుపెడతారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటారని సామెత. ఇక్కడ కాయ పేరు చెప్పి చెట్టుని గుర్తుపడుతున్నారు! నాకది నచ్చదు. కొడుకు ఏ బ్యాంకు ఉద్యోగమో చేసుకుని ఉంటే ఆ ముప్ఫై మూడేళ్ళ పని వృథా అయిపోయేదా? ప్రతి వారం ఒక గదిలో కుర్రాళ్ళ ముందు నిలబడి "వీళ్ళు ఇలా చేస్తారు, మీరు ఇది చూడండి" అని చెప్పడమే ఆయన పని. ఆ శనివారానికి అది చాలు. లాభం అక్కడికక్కడే ముట్టింది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది. చూడటానికీ దొంగతనంగా చూడటానికీ మధ్య గీత చాలా సన్నం. ఆయన పోయిన రెండేళ్ళకి, 2007లో, అవతలి జట్టు కోచ్‌ల సైగల్ని నిషేధించిన చోటినించి వీడియో తీయించారని కొడుకు బిల్‌కి అయిదు లక్షల డాలర్ల జరిమానా పడింది. ఇక కాలేజీల్లో, వచ్చే వారం ప్రత్యర్థి ఆటకి స్వయంగా వెళ్ళి చూడటాన్నే 1994లో నిషేధించారు. తప్పని కాదు, ఖర్చని. డబ్బున్న కాలేజీలు దేశమంతా మనుషుల్ని తిప్పుతుంటే చిన్నవాళ్ళకి అన్యాయం అని. అంటే స్టీవ్ జీవితమంతా దర్జాగా చేసిన పని, ఆయన రిటైరైన అయిదేళ్ళకే నేరం అయ్యింది! 2023లో మిషిగన్ యూనివర్సిటీ సిబ్బందిలో కానర్ స్టాలియన్స్ అనే అతను మనుషుల్ని పంపి సైగలు రికార్డు చేయిస్తున్నాడని పెద్ద గొడవైంది. విచిత్రం, అతను చదివింది కూడా నేవల్ అకాడమీలోనే. స్టీవ్‌కీ ఇతనికీ తేడా రూలు పుస్తకం ఒక్కటే కాదనిపిస్తుంది నాకు. స్టీవ్ ఆట చూశాడు, ఇతను జవాబు పేపరు చూద్దామనుకున్నాడు.

సరే, నా గోలకొస్తా. ఈ కథ చదివి "చూశారా, పదవి ముఖ్యం కాదు, పని ముఖ్యం" అని నీతి చెప్పడం చాలా తేలిక. మా హెచ్ఆర్ వాళ్ళు పోస్టరేసి అతికించినా అతికిస్తారు. నేను చెప్పేది అది కాదు. స్టీవ్ నలభై ఏళ్ళు తనకొచ్చిన పనే చెయ్యగలిగాడంటే రెండు కారణాలు. ఒకటి ఆయన ఇష్టం. రెండోది ఆ టెన్యూర్. మొదటి దాన్ని అందరూ మెచ్చుకుంటారు, రెండోది ఇవ్వాల్సి వచ్చేసరికి మొహం తిప్పుకుంటారు. మన కంపెనీల్లో "టెక్నికల్ ట్రాక్" అని ఒకటి ఉంటుంది, మీకూ తెలుసు. స్లైడ్లలో నిచ్చెన బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. నిజంలో ఆ నిచ్చెనకి మూడో మెట్టు తర్వాత మెట్లుండవు. నలభై దాటినవాడు కోడు రాస్తుంటే "ఖరీదెక్కువ" అంటారు, తర్వాతి లేఆఫ్ లిస్టులో మొదటి పేరు వాడిదే. అందుకని బాగా రాసేవాళ్ళంతా ప్రాణభయంతో మేనేజర్లు అవుతున్నారు. మంచి ప్రోగ్రామరు పోతాడు, ఓ మామూలు మేనేజరు తయారవుతాడు. రెండు విధాలా నష్టం.

మేనేజర్లు అక్కర్లేదని కాదు సుమండీ. ఆ ఏడుగురు హెడ్ కోచ్‌లు లేకపోతే స్టీవ్ రిపోర్టు ఎవరికిస్తాడు? ఓడితే తిట్లు తినేదీ, ఉద్యోగం ఊడేదీ వాళ్ళకే. అదొక వేరే విద్య, అది వచ్చినవాళ్ళు చెయ్యాలి. నాకు రాదు. పోయినేడాది మూడు నెలలు ఇద్దరు ఫ్రెషర్లని చూసుకోమంటే వాళ్ళ పని కూడా నేనే రాత్రుళ్ళు చేసి పెట్టా. అది లీడర్‌షిప్ కాదు, వాళ్ళకి చేసిన అన్యాయం.

2005 ఫిబ్రవరిలో పేట్రియాట్స్ సూపర్ బౌల్ గెలిచినప్పుడు, ఆట ముగుస్తుండగా ఆటగాళ్ళు బకెట్టు తెచ్చి కోచ్ మీద కుమ్మరించారు. పక్కనే ఉన్న ఎనభై ఆరేళ్ళ తండ్రి కూడా నిలువునా తడిసిపోయాడు. ఆ ఫొటో వెతికి చూడండి, ఇద్దరూ నవ్వుతుంటారు. అదే ఏడాది నవంబర్ 19న, ఓ శనివారం, ఇంట్లో టీవీలో కాలేజీ ఫుట్‌బాల్ చూసిన రాత్రి ఆయన చనిపోయాడు. మర్నాడు బిల్ మైదానానికి వెళ్ళి జట్టుని నడిపించాడు, గెలిచాక గానీ ఆటగాళ్ళకి సంగతి చెప్పలేదు. స్టీవ్ పోగేసిన వందల ఫుట్‌బాల్ పుస్తకాలు అకాడమీకే చేరాయి. 2024 డిసెంబర్లో బిల్ కాలేజీ కోచ్‌గా చేరాడు. ఎక్కడో తెలుసా? నార్త్ కరొలైనాలో. 1955లో తండ్రి సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయిన చోట!

నిన్న మా మేనేజరుకి జవాబు పంపా. లీడ్ పోస్టు వద్దని రాశా. దానితో పాటు రెండు అడిగా. ఒకటి, మేనేజరు మారినా నా పని మారదని రాతపూర్వకంగా కావాలి. రెండు, డిజైన్ నిర్ణయాలు జరిగే మీటింగులో నాకో కుర్చీ కావాలి, నేను చూసింది చెప్పడానికి. మొదటిది ఇవ్వరని నాకూ తెలుసు, టెన్యూర్ ఇచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీని నేనింతవరకూ చూళ్ళేదు. కానీ అడక్కపోతే అది అవసరమని కూడా వాళ్ళకి తెలీదు. ఈసారి రేటింగ్ తగ్గొచ్చు. ఇంటి లోను ఇంకా పదిహేనేళ్ళుంది కాబట్టి రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు, అబద్ధం ఎందుకు.

మా పెదనాన్నకి మాత్రం ఇంకా చెప్పలేదు. వచ్చే నెల ఇంకో పెళ్ళుంది. మీరు నా స్థానంలో ఉంటే ఏం చేసేవాళ్ళో చెప్పండి, ఆయనకేం చెప్పాలో కూడా.